మా అమ్మ మింగే ‘శాకాహార’ క్యాప్సూల్‌లో ఉన్నది చెక్కపొడేనా?

కాకినాడ_కాజా
మా అమ్మకు రక్తం తక్కువగా ఉందని డాక్టరు ఐరన్, బి12 రాశారు. అమ్మ ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టని మనిషి. క్యాప్సూల్ గుల్లను పశువుల ఎముకల నుంచి తీస్తారని ఎవరో చెవిన వేశారు, ఆ రోజు నుంచి డాక్టరు రాసినవి పక్కన పెట్టేసింది. సరే అని ఆకుపచ్చ చుక్క ఉన్న సప్లిమెంటు వెతికి తెచ్చాను. ధర దాదాపు రెట్టింపు. నిన్న బంధువుల వాట్సాప్ గుంపులో ఒక వీడియో వచ్చింది. ఒకాయన గుప్పెడు రంపపు పొట్టు చూపించి ‘మీరు మింగే శాకాహార క్యాప్సూల్ ఇదే’ అంటున్నాడు. డబ్బా తిప్పి చూస్తే హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్, మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, క్రాస్‌కార్మెలోజ్ సోడియం అని మూడు పేర్లు ఉన్నాయి. మూడూ చెక్కేనా? రెట్టింపు డబ్బు పోసి వడ్రంగి దుకాణం ఊడ్చిన చెత్త కొంటున్నానా? అమ్మ ఇప్పుడు ఇదీ మింగడం లేదు. తెలిసినవారు చెప్పండి.

నిమ్మతొక్క
మా ఇంటి తలుపులకు పట్టిన చెదలు ఇన్నేళ్లుగా సప్లిమెంట్లు వాడుతున్నాయన్నమాట. వాటికంత బలం ఎక్కడిదా అనుకునేవాణ్ణి.

సందేహాల_రావు
నవ్వులాటకేం గానీ, వీడియోలో అబద్ధం ఏముంది? సెల్యులోజ్ కలప నుంచే వస్తుంది, దాన్ని మనం అరిగించుకోలేము. మందు చిటికెడు, మిగతాదంతా నింపుడు సరుకు. బియ్యంలో రాళ్లు కలిపితే కల్తీ అంటారు, మాత్రలో చెక్క కలిపితే ఫార్ములా అంటారు.

మాత్రల_మేస్త్రి
నేను మాత్రలు తయారుచేసే చోటే పనిచేస్తాను కాబట్టి నా మాటలను కాస్త అనుమానంతోనే చదవండి. నాకేమీ అభ్యంతరం లేదు.

ముందు రంపపు పొట్టు సంగతి. కలపలో సెల్యులోజ్ ఉండేది దాదాపు సగం. మిగతాది లిగ్నిన్, హెమిసెల్యులోజ్, రెసిన్ లాంటివి. మందుల తయారీకి వాడే గుజ్జులో వీటిని దాదాపు పూర్తిగా తొలగిస్తారు. అలా శుద్ధి చేసిన గుజ్జును పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉడికిస్తారు. సెల్యులోజ్ పోగులో కొంత భాగం వదులుగా, చిందరవందరగా ఉంటుంది, కొంత భాగం స్ఫటికంలా గట్టిగా పేర్చినట్టు ఉంటుంది. వదులు భాగాన్ని ఆమ్లం తినేస్తుంది, గట్టి భాగం మిగులుతుంది. దాన్ని కడిగి, వేడి గాలిలోకి చిమ్మి ఆరబెడితే తెల్లటి, వాసన లేని పొడి వస్తుంది. అదే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మేం ఎంసీసీ అంటాం. 1955లో అమెరికన్ విస్కోస్ అనే కంపెనీలో బాటిస్టా అనే శాస్త్రవేత్త బృందం దీన్ని కనుక్కుంది. ఇప్పుడు ప్రపంచంలో మాత్ర కొట్టేవాళ్లలో దీన్ని వాడనివాళ్లు అరుదు.

ఎందుకంటారా? దీన్ని నొక్కితే గట్టిపడుతుంది. జిగురు, నీళ్లు ఏమీ లేకుండానే, వట్టి ఒత్తిడికే పట్టు ఇస్తుంది. చాలా పొడులను ఎంత నొక్కినా పైకప్పు ఊడినట్టు పలకలుగా లేచిపోతాయి. ఎంసీసీ కలిపితే నిలుస్తాయి.

ఇక రావు గారి ‘చిటికెడు మందు’. నిజమే. బి12 మాత్ర మీద 1500 మైక్రోగ్రాములు అని ఉంటుంది. అంటే ఒకటిన్నర మిల్లీగ్రాము. విటమిన్ డి3 60,000 యూనిట్లు అన్నా లెక్క వేస్తే అదే ఒకటిన్నర మిల్లీగ్రాము. దాన్ని వేళ్లతో పట్టుకోవడానికి కూడా రాదు. నింపుడు సరుకు లేకుండా ఇవ్వమంటే ఎలా ఇస్తారు? పైగా ఒక్కో మాత్రలో సమానంగా పడాలి. ఒకదానిలో సున్నా, పక్కదానిలో రెట్టింపు పడితే అప్పుడు దాన్ని కల్తీ అనండి, నేనూ గొంతు కలుపుతాను.

కాకినాడ_కాజా
ఎంసీసీ అర్థమైంది. మిగతా రెండూ?

మాత్రల_మేస్త్రి
హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్, అంటే హెచ్‌పీఎంసీ. మీ క్యాప్సూల్ గుల్ల దానితోనే చేశారు. మామూలు సెల్యులోజ్ నీళ్లలో కరగదు. కాబట్టి దాన్ని కాస్టిక్ సోడాతో నానబెట్టి, మిథైల్ క్లోరైడ్, ప్రొపిలీన్ ఆక్సైడ్‌లతో చర్య జరిపిస్తారు. అప్పుడు చల్లటి నీళ్లలో కరిగే గుణం వస్తుంది. మాత్రల మీద పలుచటి రంగు పూత చూస్తారు కదా, చాలావరకు అదీ ఇదే.

క్రాస్‌కార్మెలోజ్ పని వేరు. నీళ్లు తగలగానే ఉబ్బి మాత్రను లోపలి నుంచి పగలగొడుతుంది. ఎంసీసీ గట్టిగా పట్టి ఉంచుతుంది, ఇది సమయానికి విడగొడుతుంది. మామూలుగా మాత్ర బరువులో 2, 3 శాతం వేస్తే చాలు. మూడూ మొక్కలవే, మూడూ మన పేగుల్లో అరగవు, అలాగే బయటికి పోతాయి.

సందేహాల_రావు
అదిగో, అక్కడ ఆగండి. మిథైల్ క్లోరైడ్, ప్రొపిలీన్ ఆక్సైడ్ రెండూ విషాలే. అలాంటి వాటిలో ముంచి తేల్చిన దానికి ఆకుపచ్చ చుక్క పెట్టి, పక్కన ఆకు బొమ్మ వేసి ‘ప్రకృతి సహజం’ అని అమ్ముతారా? ఎముకల జెలటిన్ కూడా దీనికంటే సహజమే.

మాత్రల_మేస్త్రి
ఆకు బొమ్మ విషయంలో మీ పక్షమే. అది అమ్మకాల విభాగం గీసిన ఆకు, చెట్టుకు కాసింది కాదు. ఆకుపచ్చ చుక్క మాత్రం ‘జంతువు లేదు’ అని మాత్రమే చెబుతుంది, రసాయనం లేదని చెప్పదు. రెండింటినీ కలిపి చదివితే గందరగోళమే.

విషాల సంగతి: చర్య ముగిశాక వేడి నీళ్లలో కడుగుతారు. హెచ్‌పీఎంసీకి ఒక వింత గుణం ఉంది, వేడి నీళ్లలో కరగదు. అందుకే దాన్ని పోగొట్టుకోకుండా మిగతా మలినాలను కడిగేయవచ్చు. ఆ తర్వాత మిగిలిన అవశేషాలకు ఫార్మకోపియాల్లో, అంటే మందుల ప్రమాణాల పుస్తకాల్లో, పరిమితులు ఉంటాయి, బ్యాచ్ బ్యాచ్‌కీ పరీక్ష ఉంటుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో ఈ సెల్యులోజ్ కుటుంబం మొత్తాన్ని, అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు అక్కడ ఇచ్చే నంబర్లలో ఈ-460 నుంచి ఈ-469 వరకు, మళ్లీ పరిశీలించింది. రోజుకు ఇంత మించకూడదని అంకె పెట్టాల్సిన అవసరం కూడా లేదని తేల్చింది.

కంటిచుక్క
కళ్లు పొడిబారినవారికి మేం ఇచ్చే చుక్కల సీసా మీద ‘హైప్రోమెలోజ్’ అని ఉంటుంది. అదే హెచ్‌పీఎంసీ. మరో రకం చుక్కల్లో కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ ఉంటుంది. కంట్లో నలుసు పడితే ఓర్చుకోలేని మనుషులు రోజుకు నాలుగుసార్లు దీన్ని వేసుకుంటున్నారు. వీడియో చేసినాయన రంపపు పొట్టును కంట్లో వేసుకుని చూపిస్తే అప్పుడు నమ్ముతాను.

నిమ్మతొక్క
‘కంట్లో దూలం’ అనేది ఇప్పుడు వైద్యం అన్నమాట.

పత్తి_గింజ
ప్రతివాళ్లూ కలప కలప అంటున్నారు గానీ మా పంటను మరిచిపోయారు. మాది ఆదిలాబాద్ వైపు. జిన్నింగ్ మిల్లులో దూది తీశాక గింజ మీద పొట్టి నూగు అంటుకుని ఉంటుంది. దాన్ని లింటర్స్ అంటారు. బట్టకు పనికిరాదు, పోగు మరీ పొట్టి. కానీ అందులో సెల్యులోజ్ కలపలో కంటే చాలా ఎక్కువ, లిగ్నిన్ బెడద లేదు. శుద్ధి చేసిన లింటర్స్ నుంచి కూడా ఈ సెల్యులోజ్ పదార్థాలు తయారవుతాయి. మా దగ్గర క్వింటాలు ధర పడిపోయిన ఏడాది ఎవరూ అడగరు, మందుల డబ్బాకెక్కితే ఆకు బొమ్మ వేసి మర్యాద.

వంటింటి_వైద్యం
ఇంత చర్చ ఎందుకు? నేను మునగాకు నీడలో ఎండబెట్టి, పొడి చేసి, ఖాళీ క్యాప్సూళ్లలో నింపుకుంటాను. ఏం వేశానో నాకు తెలుసు. ఒక్కటే ఇబ్బంది, వానాకాలంలో సీసాలోవన్నీ ముద్ద కట్టాయి. మాది భీమిలి, సముద్రపు గాలి. మొదట జెలటిన్‌వి కొన్నాను. ఇప్పుడు హెచ్‌పీఎంసీవి తెప్పించాను. ఇవి నిలుస్తాయా?

మాత్రల_మేస్త్రి
నిలుస్తాయి, మునుపటికంటే బాగా. జెలటిన్ గుల్లలో 13 నుంచి 16 శాతం దాకా నీరు ఉండాలి. అది తగ్గితే గుల్ల పెళుసై పగులుతుంది, పెరిగితే మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. లోపలి పొడి తేమను లాగే రకమైతే గుల్లలోని నీటినే తాగేస్తుంది. హెచ్‌పీఎంసీ గుల్లలో నీరు 8 శాతం లోపే ఉంటుంది, ఆరినా అంత తేలిగ్గా పగలదు. తేమను పీల్చే మూలికల సారాలను వీటిలో నింపడానికి అసలు కారణం ఇదే, శాకాహారం రెండో కారణం.

అయితే ఒక మెలిక. హెచ్‌పీఎంసీ గుల్ల గుండా ఆక్సిజన్ జెలటిన్ కంటే తేలిగ్గా దూరుతుంది. గాలి తగిలితే పాడయ్యే సరుకుకు అది మంచిది కాదు. అలాంటివాటికి పుల్లులాన్ గుల్లలు ఉన్నాయి, పిండిపదార్థాన్ని పులియబెట్టి చేస్తారు, ధర ఇంకా ఎక్కువ. మీ మునగాకుకు అంత వైభోగం అక్కర్లేదు. మూత బిగించి, లోపల తేమ పీల్చే సంచి ఒకటి పడేయండి.

ఉషోదయం_సిస్టర్
వంటింటి గారూ, పెద్ద సైజు ‘సున్నా’ గుల్లలో కూడా అర గ్రాము పొడే పడుతుంది. మునగాకు పప్పు ఒక్క పూట వండితే అంతకు ఎన్నో రెట్లు తింటారు. గుల్ల ఖర్చు దండగ.

వంటింటి_వైద్యం
మా ఆయన పప్పులో ఆకు ఏరి పక్కన పెట్టే రకం. క్యాప్సూల్ అయితే ‘మందు’ అని మింగుతారు.

నిమ్మతొక్క
శాస్త్రం ఇక్కడ చేతులెత్తేసింది.

చార్మినార్_చాయ్
మాకు ఈ గొడవ ఇంకో వైపు నుంచి. జెలటిన్ పంది నుంచి వచ్చిందా, పశువు నుంచి వచ్చిందా, వస్తే హలాలా కాదా అని లేబుల్ చెప్పదు. మా నాన్నగారు గుల్ల విప్పి పొడి మాత్రం నీళ్లలో కలుపుకునేవారు. హెచ్‌పీఎంసీ వచ్చాక ఆ బాధ తప్పింది. కాబట్టి ఆకు బొమ్మను మరీ తిట్టకండి, దానివల్ల కొందరికి మందు గొంతు దిగుతోంది.

ఉషోదయం_సిస్టర్
అందరికీ ఒక హెచ్చరిక, గుల్ల విప్పి తాగే అలవాటు మంచిది కాదు. కొన్నింటిలో లోపలి గింజల మీద పూత ఉంటుంది, కడుపులో ఆమ్లం తగలకుండా. పొడి చేసి నమిలితే ఆ పూత పోయి మందు వృథా అవుతుంది. విప్పవచ్చా లేదా అని రాసిన డాక్టరునో, మందుల దుకాణంలో ఫార్మసిస్టునో అడగాలి.

డల్లాస్_దొండకాయ
ఇక్కడ అమెరికాలో డబ్బా వెనక ‘ఇతర పదార్థాలు’ అని విడిగా రాస్తారు, చాలా కంపెనీలు గుల్ల దేనితో చేశారో కూడా చెబుతాయి. కానీ మా ఆవిడ కొన్న డి3 చూడండి: గుల్ల మొక్కలది, ముందు వైపు ఆకులూ కొమ్మలూ. లోపలి డి3 మాత్రం గొర్రె ఉన్ని మీది కొవ్వు నుంచి తీసింది. పూర్తిగా మొక్కల డి3 కావాలంటే లైకెన్ (రాళ్ల మీద, చెట్ల మీద పాచిలా పెరిగేది) నుంచి తీసినది వెతకాలి. గుల్లను చూసి లోపలిది కూడా అలాగే ఉంటుందనుకోకండి.

చేప నూనె మెత్తటి గోళీల సంగతి సరేసరి. అవి ఎక్కువగా జెలటిన్‌వే, లోపల చేపే ఉన్నప్పుడు పైన ఏముంటే ఏమి.

చార్మినార్_చాయ్
గొర్రెను కోయకుండా ఉన్ని తీస్తే మాకు పేచీ లేదు. కాజా గారి అమ్మగారికి మాత్రం చెప్పకండి.

కాకినాడ_కాజా
చెప్పను. డి3 ఇంకా మొదలుపెట్టలేదు దేవుడి దయ వల్ల.

సందేహాల_రావు
గుల్ల జెలటినో సెల్యులోజో ఇంట్లో తేల్చుకునే దారి ఉందా? లేబుల్‌ను నమ్మే రకం కాదు నేను.

మాత్రల_మేస్త్రి
ఉంది. గుల్ల ఖాళీ చేసి, పట్టకారుతో పట్టుకుని చిన్న ముక్క కాల్చండి. జెలటిన్ ప్రొటీన్ కాబట్టి వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. సెల్యులోజ్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి. ఇంకో దారి, మరిగిన నీళ్లలో వేయండి. జెలటిన్ కరిగిపోతుంది, హెచ్‌పీఎంసీ కరగకుండా మొండికేస్తుంది.

ఇందుకే మరో మాట: ఈ గుల్లలను వేడి కాఫీతోనో, కాగిన నీళ్లతోనో మింగకండి. మామూలు నీళ్లు గ్లాసు నిండా తాగండి. లేకపోతే గొంతులో అతుక్కున్నట్టు ఉంటుంది.

సందేహాల_రావు
కాల్చాను. కాగితం వాసనే వచ్చింది. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి తరిమేసింది. ఒక పాయింటు మీకు ఇచ్చాను. కానీ అసలు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. అరగని పదార్థం అలాగే బయటికి పోతుందన్నారు. దారిలో పేగులోని సూక్ష్మజీవులను ఏమీ చేయదా? 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులకు కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ తినిపిస్తే వాళ్ల పేగులోని సూక్ష్మజీవుల కూర్పు మారింది, భోజనం తర్వాత కడుపులో అసౌకర్యం పెరిగింది. క్రాస్‌కార్మెలోజ్ దాని సొంత చెల్లెలే కదా?

మాత్రల_మేస్త్రి
మంచి ప్రశ్న. ఆ అధ్యయనం నేనూ చదివాను, కొట్టిపారేసేది కాదు. 16 మంది వాలంటీర్లు, 11 రోజులు, అందులో కొందరికి రోజుకు 15 గ్రాముల సీఎంసీ, అంటే ఆ కార్బాక్సీ మిథైల్ సెల్యులోజే. గ్రాములు, మిల్లీగ్రాములు కాదు. మాత్రలో క్రాస్‌కార్మెలోజ్ 20 మిల్లీగ్రాములు అనుకుందాం. 15 గ్రాములు చేరాలంటే 750 మాత్రలు మింగాలి. పైగా క్రాస్‌కార్మెలోజ్ గొలుసులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, సీఎంసీలా నీళ్లలో కరిగి జిగురు కాదు.

సందేహాల_రావు
మాత్ర ఒక్కటే అయితే సరే. సీఎంసీ ఐస్‌క్రీములో ఉంది, బేకరీ కేకుల్లో ఉంది, సాసుల్లో ఉంది. మొత్తం కలిపితే? ఎవరి వాటా వాళ్లు ‘మాది చాలా తక్కువ’ అంటారు.

పేగుబంధువు
నాకు పేగు పూత జబ్బు ఉంది, పదేళ్ల నుంచి అదే నా లోకం. రావు గారి మాటలో న్యాయం ఉంది. నేను సీఎంసీ ఉన్న ఐస్‌క్రీములు మానేశాను, నాకు తేడా తెలిసింది. మాత్రలు మాత్రం మానలేదు. రోజూ వేసుకునే వాటన్నిటిలోని సెల్యులోజ్ కలిపినా గ్రాము దాటదు, ఒక జామకాయలో నాలుగైదు గ్రాముల పీచు ఉంటుంది. జబ్బును అదుపులో ఉంచే మందును అందులోని 20 మిల్లీగ్రాముల కోసం మానేవాళ్లను ఆసుపత్రి వరండాలో చూశాను. వాళ్ల గురించే నాకు భయం.

షుగర్_సీనియర్
నా అనుభవం చెబుతాను, భోజనం చేస్తున్నవారు తర్వాత చదవండి. నెమ్మదిగా విడుదలయ్యే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టాక విరేచనంలో మాత్ర మాత్రలాగే కనిపించింది. మందు అరగకుండా పోతోందని, కంపెనీ మోసం చేసిందని ఊగిపోయాను. డాక్టరు నవ్వి, ‘అది ఖాళీ చట్రం, మందు ఎప్పుడో మీ రక్తంలోకి వెళ్లింది’ అన్నారు. మేస్త్రి గారూ, ఇందులో కూడా మీ సెల్యులోజేనా?

మాత్రల_మేస్త్రి
చాలావరకు అవును. చిక్కటి రకం హెచ్‌పీఎంసీ నీళ్లు తగిలితే కరిగిపోకుండా ముందు జెల్లీ పొరలా ఉబ్బుతుంది. మందు ఆ పొర గుండా గంటల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. చివరికి మిగిలిన మెత్తటి ముద్దే మీరు చూసింది. నీళ్లలో అసలు కరగని ఈథైల్ సెల్యులోజ్ పూత వేసేవీ ఉన్నాయి. అందుకే అలాంటి మాత్రలను విరిచి, నూరి వేసుకోవద్దంటారు. రోజంతటి మోతాదు ఒక్కసారిగా పడుతుంది. ‘ఉత్త నింపుడు సరుకు’ అన్నవారు ఇది గమనించాలి, ఇక్కడ మందును నడిపించేది ఆ సెల్యులోజే.

ఇస్నాపూర్_ఇరుగు
ఇంతసేపూ మింగేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. తయారుచేసేవాళ్ల గురించి ఒక్కరూ అనలేదు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలింది ఏ కర్మాగారమో గుర్తుందా? ఈ మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ తయారుచేసేదే. 40 మందికి పైగా కార్మికులు పోయారు. చాలామంది బీహార్, ఒడిశా లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు. మా వీధిలో అద్దెకు ఉన్న పిల్లలు కూడా అటువైపు పనికి వెళ్లేవారు. గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కంట్లో వేసుకున్నా ఏమీ కాదంటున్నారు, ఆ పొడే గాలిలో లేస్తే ఏమవుతుందో కూడా చెప్పండి.

మాత్రల_మేస్త్రి
చెప్పాల్సిందే. సెల్యులోజ్ మంటను అందుకునే పదార్థం. కుప్పగా ఉంటే నెమ్మదిగా కాలుతుంది. సన్నటి ధూళిగా గాలిలో లేచి, మూసి ఉన్న చోట ఒక నిప్పురవ్వ తగిలితే ఒక్కసారిగా పేలుతుంది. స్థిర విద్యుత్తు వల్ల పుట్టే చిన్న మెరుపు కూడా చాలు. పంచదార, గోధుమపిండి ధూళికీ ఇదే గుణం. 2008లో అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఒక పంచదార మిల్లులో ధూళి పేలి 14 మంది చనిపోయారు. అందుకే యంత్రాలకు ఎర్తింగ్, ధూళిని లాగేసే ఏర్పాటు, ఒత్తిడి పెరిగితే ముందుగా తెరుచుకునే తలుపులు, ఉష్ణోగ్రత మీద నిఘా ఉండాలి. ముఖ్యంగా దూలాల మీద, గొట్టాల మీద పేరుకున్న పొడిని ఎప్పటికప్పుడు తీయాలి, మొదటి చిన్న పేలుడుకు అది లేచి రెండో పెద్ద పేలుడు అవుతుంది. ఇవేవీ కొత్త విషయాలు కావు, మా శిక్షణ పుస్తకాల్లో ఉన్నవే.

ఇస్నాపూర్_ఇరుగు
పుస్తకాల్లో ఉన్నవి షెడ్డులోకి రావాలంటే ఎంతమంది పోవాలి?

మాత్రల_మేస్త్రి
దీనికి నా దగ్గర సమాధానం లేదు. మా షెడ్డులో శుభ్రం చేసే మనిషిని తగ్గించినప్పుడు నేను లేఖ రాశాను. మళ్లీ పెట్టారు. అంతవరకే నా చేతిలో ఉంది.

పత్తి_గింజ
డబ్బా మీద ఆకుపచ్చ చుక్క పక్కన కార్మికుల భద్రతకూ ఒక చుక్క ఉంటే బాగుండేది.

నిర్వాహకుడు
పాశమైలారం బాధితుల పరిహారం గురించి విడిగా చర్చ నడుస్తోంది, ఇస్నాపూర్ గారూ, మీ పోస్టును అక్కడ కూడా ఉంచాను. ఇక్కడ తీసేయడం లేదు.

చార్మినార్_చాయ్
చుక్క అంటే గుర్తొచ్చింది. మందుల దుకాణంలో కొన్న యాంటీబయాటిక్ క్యాప్సూల్ అట్ట మీద ఆకుపచ్చా లేదు, గోధుమరంగూ లేదు. ఎందుకు?

మాత్రల_మేస్త్రి
సప్లిమెంట్లు మన దేశంలో ఆహార చట్టం కిందికి వస్తాయి, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం శాకాహారమో మాంసాహారమో చెప్పే గుర్తు ఉండాలి. డాక్టరు రాసే మందులు ఔషధ చట్టం కిందికి వస్తాయి, వాటికి ఆ గుర్తు తప్పనిసరి కాదు. మేనకా గాంధీ కేంద్ర మంత్రిగా ఉన్నప్పుడు జెలటిన్ గుల్లలకు బదులు మొక్కల గుల్లలు తేవాలని ఆరోగ్య శాఖను గట్టిగా అడిగారు. పరిశ్రమ ఖర్చు లెక్క చూపించింది, హెచ్‌పీఎంసీ గుల్ల జెలటిన్ గుల్లకు రెండు మూడు రెట్లు పడుతుంది. అది అమలు కాలేదు.

సందేహాల_రావు
గుల్ల రెండు మూడు రెట్లు సరే, గుల్ల ధర పైసల్లో కదా? కాజా గారి డబ్బా మొత్తం ధరే రెట్టింపు ఎలా అయింది?

మాత్రల_మేస్త్రి
మళ్లీ ఆకు బొమ్మే.

ఉషోదయం_సిస్టర్
కాజా గారూ, మొదటి నుంచి ఒకటి అడగాలనుకుంటున్నాను. డాక్టరు చీటీలో ఐరన్ ఎన్ని మిల్లీగ్రాములు రాశారు? మీరు తెచ్చిన ఆకుపచ్చ చుక్క డబ్బా మీద ఎంత ఉంది?

కాకినాడ_కాజా
చీటీలో 100. డబ్బా మీద 14.

ఉషోదయం_సిస్టర్
అనుకున్నాను. రక్తం సరిగ్గా ఉన్న మహిళకే రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ లెక్క. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలో 60 ఉంటాయి. సప్లిమెంటు అన్నది లోటు రాకుండా చూసుకోవడానికి, వచ్చిన లోటు పూడ్చడానికి కాదు. గుల్ల గురించి ఇన్ని పోస్టులు నడిచాయి, లోపలి ఐరన్ డాక్టరు చెప్పినదానిలో ఏడో వంతు.

క్యాప్సూలే కావాలని ఎవరన్నారు? ఐరన్, బి12 మామూలు మాత్రల రూపంలోనూ దొరుకుతాయి, వాటికి జెలటిన్ గుల్ల ఉండదు. ధర కూడా తక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్లి ‘అమ్మ శాకాహారి, క్యాప్సూల్ వద్దంటోంది, మాత్ర రాయండి’ అని చెప్పండి. మీరే దుకాణంలో మార్చుకోకండి. వేసుకునేటప్పుడు టీ, కాఫీ, క్యాల్షియం మాత్ర దగ్గరలో లేకుండా చూడండి, అవి ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసం మంచిదే.

నిమ్మతొక్క
ఇన్నాళ్లకు ఈ చర్చలో నా ప్రస్తావన వచ్చింది.

సందేహాల_రావు
సిస్టర్ గారి ప్రశ్న మొదటి పోస్టుకే వచ్చి ఉంటే నా వంటింటి గొడవ తప్పేది.

డల్లాస్_దొండకాయ
ఇక్కడి మా స్నేహితులూ ఇంతే. గ్లూటెన్ లేదు, సోయా లేదు, జన్యుమార్పిడి లేదు అని ‘లేదు’ల జాబితా చదివి కొంటారు. ఉన్నది ఎంతో చదవరు.

కాకినాడ_కాజా
డాక్టరును కలిశాం. అమ్మ క్యాప్సూల్ వద్దంటే ఆయన ఒక్క నిమిషంలో మాత్రలు రాసిచ్చారు, అదే 100 మిల్లీగ్రాములు. నెల ఖర్చు ఆ డబ్బా ధరలో మూడో వంతు. మాత్రలో ఏముందని అమ్మ అడిగితే మేస్త్రి గారు చెప్పినట్టు పత్తి, చెట్టు అన్నాను. ‘పత్తి అయితే మడికి కూడా పనికొస్తుంది’ అని వేసుకుంది. మూడు నెలలకు రక్త పరీక్ష మళ్లీ చేయించమన్నారు.

ఉషోదయం_సిస్టర్
మలం నల్లగా వస్తే కంగారు పడకండి, ఐరన్‌కు అది మామూలే. కడుపు నొప్పి, మలబద్ధకం ఎక్కువైతే మాత్రం మీరే మందు ఆపేయకుండా ముందు డాక్టరుకు ఫోను చేయండి.

వంటింటి_వైద్యం
మిగిలిపోయిన ఆ 14 మిల్లీగ్రాముల డబ్బా ఏం చేస్తున్నారు? గుల్లలు మంచివైతే నాకు పంపండి, మునగాకు నింపుకుంటాను.

నిర్వాహకుడు
వాడిన మందు గుల్లల బదిలీకి ఈ వేదికలో అనుమతి లేదు.